మింగలేదని సాక్ష్యం

మా ఆయన జ్ఞాపకార్థ కూడిక దగ్గర పడుతుండగా సంఘ పెద్ద ఒకాయన మా ఇంటికి వచ్చాడు. వరసకు మా ఆయనకు తమ్ముడు, నాకు మరిది. టెక్కలిలో మా ఇంటి వరండాలో కూర్చుని, ఇచ్చిన టీ తాగకుండా చేతిలో పట్టుకుని మాట్లాడాడు.

"వదినా, నువ్వేటీ అనుకోకు. ఆ రోజు నువ్వు లేచి సాక్ష్యం సెప్పాల. అన్నియ్య ఎప్పుడూ తాగలేదని ఒక్క మాట. ఊళ్ళో నోళ్ళు మూతపడతాయి."

"ఎవరి నోళ్ళు?"

"అందరివీని. అయ్యగారు కూడా అదే అన్నారు."

అయ్యగారంటే మా పాస్టరు. మా సంఘంలో ప్రతి నెలా రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు ముందు సంఘ నిబంధన చదువుతారు. మత్తు పదార్థాలు ముట్టబోమని అందులో ఒక వాక్యం ఉంది. అందరూ నిలబడి పలుకుతారు. ఆ బల్ల దగ్గర మాకు ఇచ్చేది కూడా ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన రసమే. మా ఆయన అందరితోపాటు నిలబడి ఆ వాక్యం పలికేవారు. ఆ ఒక్క వాక్యం దగ్గర నాలుగైదు తలలు ఆయన వైపు తిరిగేవి. ఎందుకంటే ఆయన ఉద్యోగం వైన్ అమ్మడం.

ఆయన కిడ్నీ జబ్బుతో పోయారు. మా ఉద్దానం ప్రాంతంలో ఈ జబ్బు ఎందుకొస్తుందో ఇంతవరకు ఎవరూ తేల్చి చెప్పలేదు. నీళ్ళంటారు, పురుగుమందులంటారు, ఎండలో పని అంటారు. కల్లు కూడా ముట్టనివాళ్ళు, బడికీ గుడికీ తప్ప ఎక్కడికీ వెళ్ళని ఆడవాళ్ళు కూడా పోయారు. వాళ్ళకు ఎందుకొచ్చిందని ఊరు అడగలేదు. మా ఆయన విషయంలో మాత్రం అడగకుండానే కారణం దొరికింది.

మరిది వెళ్ళిపోయాక టీ గ్లాసు తీస్తూ ఆలోచించాను. ఆయన తాగలేదని నేను చెప్పగలనా? నాకు తెలియదు. ఇన్నేళ్ళూ ఆయన చెప్పింది ఒకటే. నోట్లో పోసుకుంటాను, రుచి చూస్తాను, ఉమ్మేస్తాను.

అది అబద్ధమేమీ కాదు. వైన్ వ్యాపారంలో ఉన్నవాళ్ళు చేసే పని అదే. ఒక్కోరోజు వరసగా సీసాలు తెరిచి, ఏది ఎలా ఉందో, ఏది ఏ హోటలుకు సరిపోతుందో తేల్చాలి. అన్నీ మింగితే సగంలోనే నాలుక పనిచేయదు. అందుకని పక్కన ఒక బకెట్టు పెట్టుకుని ఉమ్ముతారు. పెద్ద పెద్దవాళ్ళు కూడా సూటూ బూటూ వేసుకుని అందరి ముందూ ఉమ్ముతారట. ఈ సంగతి నాకంటే ముందు విన్నది మా అత్త. భావనపాడు దారిలో ఉన్న వాళ్ళ ఊళ్ళో, కొబ్బరాకులు చీరుతూ కూర్చుని విన్నది.

"ఉమ్మీడానికి జీతమిత్తారేట్రా?"

"అవునమ్మా."

"మీ తాత కిళ్ళీ నమిలి ఊరంతా ఉమ్మీవోడు. ఆడికి ఎవుడూ ఏటీ ఇవ్వలేదు."

"ఉమ్మినందుకు కాదే. రుచి సెప్పినందుకు."

"మింగకండా రుచేటి తెలుస్తాది? నాను పులుసు రుచి సూసి ఉమ్మీసి నీకెడితే తింతావేట్రా?"

ఆయన పడీ పడీ నవ్వారు. నేను నవ్వలేదు. నాకూ అదే అనుమానం.

మా పెళ్ళప్పుడు ఆయన విశాఖపట్నంలో ఒక హోటల్లో పనిచేసేవారు. వైన్ కంపెనీలో చేరింది తరవాత. చేరిన రోజున నేను మాట అడిగాను. ఒక్క చుక్క కూడా మింగకూడదన్నాను. మా నాన్న సంఘంలో పెద్ద. నేను బడిలో టీచర్ని. అవన్నీ చెప్పి అడిగాను. ఆయన "సరే" అన్నారు. కూరగాయలు తెమ్మంటే ఎలా అంటారో అలాగే అన్నారు. ఆ "సరే" గురించి నేను ఆలోచించినంత ఏ వాక్యం గురించీ ఆలోచించలేదు. మరీ తేలికగా అన్నారని ఒక్కోసారి, తేలికగా అన్నవాడే నిలబెట్టుకుంటాడని ఒక్కోసారి అనిపించేది.

పెరట్లో అరటిచెట్టు మొదట్లో నీళ్ళతో ఉమ్మడం అభ్యాసం చేసేవారు. చొక్కా మీద పడకుండా, సన్నటి ధారగా, అనుకున్నచోట పడాలి. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "మీ ఆయనకి పళ్ళు నొప్పేటమ్మా? లవంగం పెట్టమను" అంది.

టూర్ నుంచి వస్తే, సంచీ అందుకునే నెపంతో దగ్గరికి వెళ్ళి వాసన చూసేదాన్ని. వాసన వచ్చేది. ప్రతిసారీ వచ్చేది. నోట్లో ఉంచుకుని ఉమ్మినవాడి దగ్గరా, మింగినవాడి దగ్గరా అదే వాసన. కళ్ళు ఎర్రగా ఉంటే రైల్లో నిద్ర లేదు. తొందరగా పడుకుంటే అలిసిపోయారు. ఎక్కువ మాట్లాడితే బేరం కుదిరింది. ఏది చూసినా రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు. నేను పుస్తకాలు బాగానే చదువుతాను. ఈ విషయంలో నాకు పనికొచ్చే పుస్తకం ఒక్కటీ దొరకలేదు.

ఆయన కూడా అనుమానం మనిషే. కాకపోతే ఆయన అనుమానం సీసాల మీద. వైన్ పాలలాంటిది, ఎండ తగిలితే పాడవుతుంది అనేవారు. ఎక్కడో చల్లటి చోట తయారై ఓడలో, లారీలో వచ్చి వేసవిలో రేకుల గోడౌనులో పడి ఉంటుంది. లోపల ఉడికిపోతుంది. ఉడికితే బిరడా కొంచెం పైకి తన్నుకొస్తుంది. సీసా చేతికివ్వగానే ఆయన లేబుల్ చూసేవారు కాదు, బొటనవేలితో మూత పైభాగం తడిమేవారు. "ఇది ఉడికింది" అనేవారు. అమ్మినవాడు ఒప్పుకోడు. మన ఊళ్ళలో వైన్స్ అని బోర్డు పెట్టిన షాపుల్లో వైన్ ఉండదనీ, ఉంటే గింటే పై అరలో బల్బు పక్కన దుమ్ము పట్టిన తియ్యటి సీసా ఒకటి ఉంటుందనీ, దాన్ని కొనొద్దని శత్రువుక్కూడా చెబుతాననీ అనేవారు. ఒడిశాలోని గోపాలపూర్‌లో అమ్ముకోవడానికి పర్మిషన్ ఉన్న సీసాకు ఇచ్ఛాపురం దాటి ఇటొస్తే పర్మిషన్ లేదు. ఒక్కో రాష్ట్రంలో మళ్ళీ లేబుల్ రిజిస్టరు చేయించాలి, మళ్ళీ పన్ను కట్టాలి. కొనేవాడిచ్చే దాంట్లో పెద్ద ముక్క పన్నుకు, తరవాత మధ్యవాళ్ళకు, సీసాకు, లారీకి పోగా, ద్రాక్ష పండించినవాడి దాకా వెళ్ళేది చాలా తక్కువ. ఇవన్నీ నేను వంట చేస్తుంటే గుమ్మంలో నిలబడి చెప్పేవారు.

లేబుల్ మీద రాసినవి చదివి వినిపించేవారు కూడా. అడవి పండ్ల పరిమళం, తోలు వాసన, మఖమల్ లాంటి ముగింపు. నాకు అలాంటి రాతలు పడవు. ఆయనకూ పడేవి కావు. ఆయన మాటలు వేరు. "జీడిమామిడి పండు తిన్నాక గొంతు పట్టేస్తుంది చూడు, ఇది అలా పట్టేస్తుంది" అనేవారు ఒకదాని గురించి. "తోటలో రాలి రెండు రోజులైన జీడిపండు వాసన" అనేవారు ఇంకోదాని గురించి. "ఇందులో ఏమీ లేదు, చింతపండు నీళ్ళు" అనేవారు. ఈ మాటలు నేను నమ్మేదాన్ని. నమ్మగానే రెండో అనుమానం వచ్చేది. ఇంత సరిగ్గా చెప్పే మనిషి ఒక్కసారి కూడా మింగకుండా ఉంటాడా?

వినడం నాకు ఇష్టంగా ఉండేదని మాత్రం ఆయనతో ఎప్పుడూ అనలేదు.

జబ్బు బయటపడ్డాక పలాస ఆసుపత్రిలో డయాలసిస్ మొదలైంది. నీళ్ళు కొలిచి తాగాలన్నారు. దాహం మాత్రం ఎవరూ తగ్గించలేరు. అప్పుడు ఆయన గ్లాసు తెప్పించుకుని ఒక గుక్క నోట్లో పోసుకుని, అటూ ఇటూ తిప్పి, ఆగి, బేసిన్‌లో ఉమ్మేవారు. సన్నటి ధార, ఒక్క బొట్టు పక్కన పడేది కాదు. నర్సమ్మ చూసి, "సార్, మిగతావాళ్ళకి కూడా కాస్త నేర్పండి. మంచాలన్నీ తడిపేస్తన్నారు" అంది. నేను పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన గొంతు చూస్తూ ఉండేదాన్ని. ముడి కదులుతుందా లేదా అని. ఒకరోజు ఆయన నన్ను గమనించారు.

"చూసుకో. కదల్లేదు కదా?"

"లేదు."

"ఇప్పుడు చూడ్డానికి ఏముంది? నువ్వు నాతో టూర్లకి రావాల్సింది."

ఎగతాళిగానే అన్నారు. కోపం లేదు. అంత దాహంలో నీళ్ళు ఉమ్మగలిగిన మనిషి వైన్ ఉమ్మలేడా అని నాకు నేనే చెప్పుకున్నాను. వెంటనే ఇంకో మాట అడ్డొచ్చింది. ఆసుపత్రిలో ప్రతిసారీ బరువు చూస్తారు, నీళ్ళు మింగితే తూకం యంత్రం పట్టిస్తుంది. హోటల్లో తూకం యంత్రం ఎక్కడిది?

మరిది వచ్చి వెళ్ళిన మర్నాడు నేను ఒక పని చేశాను. అలమరలో ఆయన విశాఖపట్నం నుంచి తెచ్చిన ఎర్ర వైన్ సీసా ఒకటి మిగిలి ఉంది. మింగకుండా రుచి చూడడం అసలు సాధ్యమేనా అని తెలుసుకోవాలనుకున్నాను. బిరడా ఉంటుందనుకుని ఏం పెట్టి తీయాలా అని ఆలోచించాను. తిప్పితే వచ్చే మూతే. సిరప్ సీసా మూతలా వచ్చేసింది. స్టీలు గ్లాసులో కొంచెం పోసుకుని సింకు దగ్గర నిలబడ్డాను. మొదటిసారి తెలియక కొంచెం లోపలికి పోయి దగ్గొచ్చింది. రెండోసారి ఆయన చెప్పినట్టే చేశాను. నోట్లో ఉంచి, కాస్త గాలి పీల్చి, తిప్పి, ఉమ్మాను. ధార రాలేదు, గడ్డం మీంచి కారింది. కానీ రుచి మొత్తం తెలిసింది. చిగుళ్ళు బిగుసుకున్నాయి, జీడిపండు తిన్నట్టే. మా అత్త అన్నది తప్పు. మింగకుండా తెలుస్తుంది.

అయితే కాసేపటికి చెవులు వెచ్చబడ్డాయి. ఎంత ఉమ్మినా కొంత లోపలికి పోతుంది. ఒక్క చుక్క కూడా మింగకూడదని నేను అడిగిన మాట ఈ ఉద్యోగంలో ఎవరూ నిలబెట్టుకోలేనిది. అది తెలిశాక పరీక్ష అయిపోయింది. అయినా ఇంకొకసారి పోసుకున్నాను. ఎందుకంటే బాగుంది.

కూడికకు ముందు నాకు తోడుగా ఉండడానికి మా అత్త ఊరి నుంచి వచ్చి మా ఇంట్లో దిగింది. అదే రోజు బరంపురం నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఒడిశా వైపు అమ్మకాలు చూసేవాడు, మా ఆయనతో చాలా ఏళ్ళు కలిసి తిరిగినవాడు. పలాసలో రైలు దిగి ఆటోలో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో యాపిల్ పళ్ళు. కూర్చోగానే మొదలుపెట్టాడు.

"మేడమ్, సార్ లాంటి మనిషి ఉండరు. ఎప్పుడూ ఉమ్మేవారు. మేమందరం నవ్వేవాళ్ళం. సాయంత్రం డిన్నర్‌లో మేం తాగుతుంటే ఆయన సోడా పట్టుకుని కూర్చునేవారు. ఒక్క చుక్క ముట్టేవారు కాదు."

నాకు కావలసిన మాట అదే. అందుకే నమ్మకం కలగలేదు. వచ్చినాయన అమ్మకాల మనిషి. ఎదుటివాళ్ళకు ఏం కావాలో కనిపెట్టి అది చేతిలో పెట్టడమే ఆయన వృత్తి. పైగా అడగకుండానే అసలు విషయానికి వచ్చేశాడు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళు ముందు ఆరోగ్యం అడుగుతారు, పిల్లల సంగతి అడుగుతారు.

"మా మరిది మీకు ఫోన్ చేశాడా?" అన్నాను.

ఆయన యాపిల్ సంచీని బల్ల మీద అటు జరిపి ఇటు జరిపాడు.

"చేశారు మేడమ్."

"ఏం చెప్పమన్నాడు?"

"ఎప్పుడూ తాగలేదని… మీకు ధైర్యంగా ఉంటుందని."

"మరి ఎప్పుడూ తాగలేదా?"

లోపల గదిలోంచి మా అత్త గొంతు వినబడింది. మంచం మీద పడుకుని అంతా వింటోంది.

"సెప్పీ బాబూ. ఏడవాల్సిందంతా ఏడిసీసినాం. కొత్తగా ఏడవడానికేటీ నేదు."

"ఒకసారి మేడమ్" అన్నాడు ఆయన. "గోపాలపూర్‌లో. సముద్రం పక్కన హోటలు. చూపించడానికి సీసాలు తెరిచి పెట్టుకున్నాం. కొనేవాళ్ళు రాలేదు, బాగా వాన. సార్ ఒక తెల్ల వైన్ రుచి చూశారు, ఉమ్మారు. మళ్ళీ కొంచెం పోసుకున్నారు. ఈసారి ఉమ్మలేదు. నేను ఆయన వైపు చూశాను. 'ఇది ఉమ్మబుద్ధి కావట్లేదోయ్' అన్నారు. గ్లాసు నిండా పోసుకుని, వాన చూస్తూ నెమ్మదిగా తాగారు. అయిపోయాక గ్లాసు బోర్లించేశారు. అంతే. తరవాత మళ్ళీ మామూలే, సోడాయే."

"అప్పటికి జబ్బు సంగతి తెలుసా?"

"లేదు మేడమ్. చాలా ముందు."

"ఏమైనా బాధలో ఉన్నారా?"

"లేదే. బాగానే ఉన్నారు. నవ్వుతున్నారు కూడా."

"అది చాలా ఖరీదైనదా?"

"అబ్బే. మాలో తక్కువ రకం."

నేను కారణం కోసం వెతుకుతున్నానని ఆయనకు అర్థమైంది. ఇవ్వడానికి ఆయన దగ్గర కారణం లేదు. అమ్మకాల మనిషి కదా, కావాలంటే ఒకటి కల్పించి ఇవ్వగలడు. ఇవ్వలేదు. అందుకని నమ్మాను. గోపాలపూర్ నమ్మాక మిగతా సోడాలు కూడా నమ్మాల్సి వచ్చింది. చెప్పింది ఒకే మనిషి.

"ఎలా ఉందన్నారు అది? రుచి?"

"ఏమీ అనలేదు మేడమ్."

మా అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఒక్క గలాసేనా? నానింకా కుండలు కుండలు తాగీసినాడేటో అనుకున్నాను" అంది. బరంపురం ఆయన నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూశాడు.

సాయంత్రం మరిది వచ్చాడు. ఫోన్ సంగతి దాచలేదు. తప్పేటుంది వదినా అన్నాడు. గోపాలపూర్ సంగతి నేను చెప్పాను. మరిది, "ఒక్క గ్లాసు లేనట్టే లెక్క" అన్నాడు.

"లేనట్టే అయితే చెబితే ఏమవుతుంది?"

"ఏటవుద్దా? ఒక్కటి ఒప్పుకుంటే పది ఉన్నాయంటారు. నీకు మనుషుల సంగతి తెల్దు. ఎప్పుడూ తాగలేదని సెప్పీసి కూకో."

"నిబంధన చదివిన చోట నిలబడి అబద్ధం చెప్పమంటావా?"

"నువ్వు సెప్పేది అన్నియ్య మంచికే కదా."

"ఆయన మంచికి కాదు. మీ అందరికీ వీలుగా ఉంటుందని."

మరిది చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

కూడిక మా సంఘం ఉన్న అత్తగారి ఊరి చర్చిలోనే జరిగింది. పాటలయ్యాయి, వాక్యం అయింది. అయ్యగారు నన్ను పిలిచారు. నేను రాసుకుని వెళ్ళలేదు. లేచి చెప్పాను. "ఆయన ఉద్యోగంలో నోట్లో పోసుకున్నది ఉమ్మేసేవారు. నాకిచ్చిన మాట కోసం అలా చేసేవారు. ఒకసారి ఉమ్మలేదు. ఒక గ్లాసు తాగారు. ఆ రోజు ఆయనకు బాధేమీ లేదు. బాగుందని తాగారు. ఇది ఆయన నాకు చెప్పలేదు, ఇంకొకరు చెప్పారు. ఆయనకొచ్చిన జబ్బు తాగనివాళ్ళకూ వచ్చింది, మీ ఇళ్ళలోనూ ఉంది. నాకు తెలిసింది ఇంతే."

అయ్యగారు వెంటనే ప్రార్థన అందుకున్నారు. చాలాసేపు చేశారు. మా విషయం తప్ప అన్ని విషయాలూ ప్రార్థించారు.

భోజనాల దగ్గర మరిది నాకు ఎదురుపడకుండా తిరిగాడు. ఆయన భయపడినట్టే కొందరు అన్నారు, ఒకటి బయటికొచ్చింది కదా, ఇంకెన్నో అని. ఇంకొందరు మాత్రం, ఒకటి ఒప్పుకుంది కాబట్టి మిగతాది నిజమే అయ్యుంటుందన్నారు. వడ్డిస్తున్న ముసలావిడ ఒకావిడ నా విస్తరి దగ్గర వంగి మెల్లగా అడిగింది.

"ఏ రంగుదమ్మా?"

"తెల్లదట."

"తెల్లదా? నీల్లనాగుంటాదేటి?"

"నేను చూడలేదు."

"పోన్లే" అని ఇంకో గరిటె పప్పు వేసి వెళ్ళింది.

మా అత్త నాతోపాటే టెక్కలి వచ్చింది. ఆటోలో మేమిద్దరమే. జీడితోటల పక్కనుంచి వెళ్తున్నాం.

"నీకు ఆడి మీద కోపమేటే?" అంది మా అత్త.

"ఆఁ."

"తాగీసినాడనా?"

"చెప్పలేదని."

"సెప్తే ఏటి సేసీదానివి?"

"ఎలా ఉందని అడిగేదాన్ని."

"ముందు?"

"ముందు తిట్టేదాన్ని."

"ఎన్నాళ్ళు?"

ఆవిడ గాలికి ఎగురుతున్న చెంగు నడుంలో దోపుకుంది.

"మరందుకే సెప్పలేదు" అంది.